సూదికి మనిషెవరో, పురుగెవరో

అమ్మ సూది వేయించుకోనని మొండికేసిందని కబురు వస్తే, విశ్వవిద్యాలయంలో చేస్తున్న పని ఎక్కడిదక్కడ వదిలేసి అనంతపురంలో ధర్మవరం బస్సెక్కాను. అప్పటికి ఎనభైలు సగం గడిచాయి. అమ్మకు రెండు ఊపిరితిత్తుల్లోనూ క్షయ ఉందని ఎక్స్‌రే తీసి చెప్పారు. నెలల తరబడి మాత్రలు, వాటితో పాటు మొదట్లో రోజూ స్ట్రెప్టోమైసిన్ సూది. మాత్రలొక్కటే వేసుకుంటే సరిపోదా అని అమ్మ అడిగితే, జబ్బు ఇంత ముదిరాక ఆ ధైర్యం తాను చేయలేనని, సూది లేకుండా బతుకుతావని మాటివ్వలేనని డాక్టరు చెప్పాడట. అమ్మ మాత్రలు తీసుకుంది. సూది వేసే గది ముందు కాసేపు కూర్చుంది. తన పేరు పిలిచే లోపల లేచి, చెప్పులేసుకుని ఇంటికి వచ్చేసింది.

“మాత్రలు మింగుతా. సూది మాత్రం వొద్దు. ఆ సూది ఏం చేస్తాదో నాకు ఇంగొగురు చెప్పల్నా? ఈ ఇంట్లోనే చూసినా గదా” అంది నాతో.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ రోజు ఇంకాస్త కిందికి, నోట్లోకి కూడా వచ్చింది. ఎందుకంటే అప్పటికి కొన్నేళ్లుగా నేను ఆ మందుతోనే పని చేస్తున్నాను. ఆ తెల్లటి పొడిని తూచి, నీళ్లలో కలిపి, గాజు పళ్లేల్లో పోసి, ఏ సూక్ష్మజీవి చస్తుందో ఏది బతుకుతుందో చూడటమే నా పరిశోధన. ఆ మందు గురించి ఊరందరికీ పాఠం చెప్పగలను, కన్నతల్లికి ఒక్క మాట చెప్పలేకపోయాను. ఆమె పుకారు విని మాట్లాడటం లేదు. నాయనకు జరిగింది చూసి మాట్లాడుతోంది.

ధర్మవరంలో మా వీధి వీధంతా పట్టుచీరల మగ్గాలే. మావి గుంట మగ్గాలు. నేలలో గుంట తవ్వి, దాని అంచున కూర్చుని, కాళ్లు లోపలికి దించుకుని తొక్కుడు కర్రలు తొక్కుతూ నేస్తారు. పొద్దున దిగినవాడు అన్నానికి లేచేసరికి కాళ్లు తిమ్మిరెక్కి ఉంటాయి. ఎంతటి మొనగాడైనా లేవగానే మగ్గం రాటను పట్టుకుని ఒకసారి ఊగి, ఆ తర్వాతే అడుగు వేస్తాడు. మా వీధిలో అదొక నవ్వులాట. పెళ్లిచూపులకు వచ్చిన అబ్బాయి గడప దగ్గర తూలితే, తాగుబోతు కాదులే, బాగా పనిచేసే నేతగాడే అని ఆడపిల్లవాళ్లు నిశ్చింతగా ఉండేవాళ్లు. తూలడం మాకు జబ్బు కాదు, వృత్తి ధర్మం. అదే మా కొంప ముంచింది.

డెబ్బైల నడుమ, నేను హైస్కూల్లో ఉండగా నాయనకు దగ్గు పట్టుకుంది. సాయంత్రమయ్యేసరికి జ్వరం, రాత్రి చెమటలు, కంచంలో అన్నం అట్లాగే మిగిలిపోవడం. అయినా మగ్గం దిగలేదు. నోటికి అడ్డంగా కండువా కట్టుకుని నేశాడు. మాకు అంటుకోకుండా అనుకునేరు, కాదు. పట్టు మీద తుంపర పడితే మచ్చ పడుతుందని. ఒకరోజు ఆ కండువా మీదే ఎర్రగా కనిపిస్తే, అమ్మ మగ్గంలోంచి చేయి పట్టుకుని లాగి ఆసుపత్రికి తీసుకుపోయింది.

సూదులు మొదలయ్యాయి. రోజూ పొద్దున్నే బడికి పోయే ముందు నాయన వెంట నేనూ వెళ్లేదాన్ని. చిన్న సీసాలో అడుగున తెల్లటి పొడి. రబ్బరు మూతలోంచి నీళ్లు ఎక్కించి, సీసాను అరచేతుల మధ్య గిరగిరా తిప్పితే పొడి మాయమై నీళ్లే మిగిలేవి. కొన్ని వారాల్లో జ్వరం జారిపోయింది. దగ్గు తగ్గింది. ఒక మధ్యాహ్నం నాయన ఇంకో ముద్ద సంగటి వెయ్యమని అడిగాడు. అమ్మ వేసి, లోపలికి వెళ్లి కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఏముంది ఆ పొడిలో? ఉప్పులా ఉంది, సున్నంలా ఉంది. అది లోపలికి పోయి చావును ఎట్లా వెనక్కి తోసింది? అప్పటి నా ఆశ్చర్యం ఇప్పటికీ నాలో అట్లాగే ఉంది. ఆ తర్వాత చదివిన చదువంతా దాన్ని పెంచిందే తప్ప తగ్గించలేదు.

అదే రోజుల్లో నాయన మగ్గం మీంచి లేచేటప్పుడు కాస్త ఎక్కువ తూలడం మొదలైంది. రాటను పట్టుకున్న చేయి ఎంతకీ వదిలేవాడు కాదు. జబ్బుపడి లేచిన మనిషి, పైగా గుంట తిమ్మిరి అనుకున్నాం. పక్కింటి చిన్నాయన అయితే, మా అన్నకు పట్టుచీర నేసి నేసి చీర కట్టినట్టే నడక వచ్చిందని ఎగతాళి చేశాడు. నాయన కూడా నవ్వాడు. కూర్చున్నప్పుడు ఆయనకు ఏమీ తెలిసేది కాదు. ఇటు నేల, అటు నేల, గుంట మనిషిని రెండు వైపులా పట్టుకునే ఉంటుంది. ఇంకో వీధిలో గోడలు కట్టే ఏ బేల్దారి పనివాడో, చెట్టెక్కేవాడో అయి ఉంటే మొదటి వారంలోనే బయటపడేది. నేతగాళ్ల ఇంట్లో కాబట్టి అందరం చూస్తూ కూడా చూడలేదు.

ఒక పొద్దున నాయన పెరట్లో తొట్టి దగ్గర ముఖానికి సబ్బు రుద్దుకుని కళ్లు మూసుకున్నాడు. కళ్లు మూసుకోవడమే ఆలస్యం, నరికిన కొమ్మలా పక్కకు పడిపోయాడు. నుదురు తొట్టి అంచుకు తగిలింది. కాలు జారలేదు, స్పృహ తప్పలేదు. పడి, నెత్తురూ సబ్బునురుగూ కారుతుండగా, తనను ఎవరు తోశారని అడిగాడు.

ఆసుపత్రిలో డాక్టరు అంతా విని, నాయనను పాదాలు దగ్గరగా పెట్టి నిలబడమన్నాడు. నిలబడ్డాడు. కళ్లు మూసుకోమన్నాడు. మూసుకోగానే ఒరిగిపోతే, ముందే సిద్ధంగా ఉన్న డాక్టరు పట్టుకున్నాడు. మనం నిటారుగా ఉన్నామో ఒరుగుతున్నామో చెప్పేది చెవి లోపలి భాగమని, ఈ మందు కొందరిలో దాన్ని దెబ్బ తీస్తుందని, తల తిరుగుతోందని మొదటే చెప్పి ఉంటే అప్పుడే ఆపేవాణ్ణని కోప్పడ్డాడు. చీటీలో సూది రాసిన చోట గీత కొట్టేశాడు.

నాయన చేతులు జోడించాడు. “సూది ఆపొద్దు సామీ. తూలితే తూల్తా. మాత్రలతో ఏమైతాది?” అన్నాడు. మా ఊళ్లో మందంటే సూదే. మాత్ర అంటే సూదికి తోడు వచ్చిన చుట్టం లాంటిది. డాక్టరు ఒప్పుకోలేదు. రోగం చాలావరకు లొంగిందని, మిగతా పని మాత్రలు చేస్తాయని పంపేశాడు. ఆ తర్వాత ఏడాది పైగా అమ్మ దగ్గరుండి మాత్రలు మింగించింది. నాయన బతికాడు.

కానీ పోయిన నిలకడ పూర్తిగా తిరిగి రాలేదు. వెలుతురులో కళ్లతో నేలను పట్టుకుని నడిచేవాడు. చీకటి పడితే మాత్రం గోడో మనిషో కావాలి. సినిమా హాలు మానేశాడు. అన్నిటికంటే వింత ఏమిటంటే, నడుస్తున్నప్పుడు ఆయనకు ఎదుటివాళ్ల ముఖాలు తెలిసేవి కావు. తల కదిలితే లోకమంతా కదిలేది. ఆగి నిలబడితే తప్ప ఫలానా అని గుర్తుపట్టలేకపోయేవాడు. వీధిలో కొందరు, చావు తప్పించుకున్నాక ఈయనకు కళ్లు నెత్తికెక్కినాయి, పలకరించినా పలకడని చెప్పుకున్నారు. ఆ మాట విని నేను రెండిళ్ల వాళ్లతో పోట్లాడి వచ్చాను కూడా. మగ్గం ఇల్లు మా ఇంటికి నాలుగిళ్ల అవతల. పొద్దు గూకాక అమ్మ వెళ్లి నాయన చేయి పట్టుకుని తీసుకొచ్చేది. మొగుడూ పెళ్లాం వీధిలో చేయి పట్టుకుని నడవడమేమిటని మొదట్లో నవ్వినవాళ్లు, తర్వాత వాళ్లొచ్చే వేళను బట్టి దీపాలు పెట్టుకునేవాళ్లు.

నాయనకు డాక్టరు మీద గానీ మందు మీద గానీ కోపం లేదు. ఒక ప్రశ్న మాత్రం ఉండేది. నేస్తూ నేస్తూ, అటూ ఇటూ పోగు లాక్కుపోయే నాడె ఆపి అడిగేవాడు. “అది నా ఒంట్లోకీ పోయ, పురుగు ఒంట్లోకీ పోయ. పురుగును సంపి నన్ను ఇడిసిపెట్టల్లని దానికెట్ల తెల్సు?” నేను పెద్ద చదువులు చదివితే చెబుతానని అప్పుడు దాటేశాను.

నాయన ప్రశ్న కోసమే సూక్ష్మజీవశాస్త్రం చదివానని చెబితే కథ బాగుంటుంది. నిజానికి నాకు కెమిస్ట్రీలో సీటు రాలేదు, ఇందులో వచ్చింది. ఏడ్చుకుంటూ చేరాను. చేరిన మొదటి వేసవి చివర తొలకరి పడగానే మట్టి తెమ్మని మా గురువుగారు మమ్మల్ని పల్లెల మీదికి తోలారు. బుక్కరాయసముద్రం చెరువు ఎండిన అడుగు నుంచి, శెనక్కాయ చేల నుంచి, వజ్రకరూరు పొలాల నుంచి తలా కొంచెం తేవాలి. తొలకరి రోజుల్లో వజ్రకరూరు సంగతి తెలిసిందే. వాన కడిగిన నేల మీద వజ్రం మెరుస్తుందేమోనని జనం తలలు వంచుకుని సాళ్ల వెంట తిరుగుతుంటారు. మేం గరిటెలతో మట్టి తవ్వి పొట్లాలు కడుతుంటే ఒక పెద్దాయన మా వెనకే వచ్చాడు. మాకు రాళ్లు వద్దు, ఉత్త మట్టే కావాలని ఎంత చెప్పినా నమ్మలేదు. ఉత్త మట్టి కోసం ఇంతమంది బస్సు టిక్కెట్లు పెట్టుకుని వస్తారా అన్నాడు. మేం తవ్విన ప్రతి గుంతలోనూ ఆయన ఇంకాస్త తవ్వి చూసుకున్నాడు.

ఆయన అనుమానం తప్పేమీ కాదని తర్వాత అర్థమైంది. తొలి వాన పడగానే వచ్చే వాసన ఉంటుందే, మా కరువు నేలలో మనుషులు ఇళ్లలోంచి బయటికి వచ్చి గుండెల నిండా పీల్చుకునే వాసన, అది మట్టిది కాదట. మట్టిలో సన్నటి పోగుల్లా అల్లుకుని బతికే స్ట్రెప్టోమైసిస్ అనే సూక్ష్మజీవులదట. ఎండకు అవి పొడిగా మారి, చావూ బతుకూ కాకుండా పడి ఉంటాయి. చినుకు తగలగానే ఆ వాసన లేస్తుంది. స్ట్రెప్టోమైసిన్‌ను తయారు చేసేది ఆ జాతిలోనిదే ఒక జీవి. మనుషులు దాన్ని కనిపెట్టింది కూడా మట్టిలోనే. తరగతిలో ఈ మాట విన్నప్పుడు నాకు కాసేపు మిగతాది వినపడలేదు. మా ఆకాశాన్ని తిట్టని మనిషి లేడు, మా మట్టిని చూసి జాలిపడని అధికారి లేడు. ఆ ఎర్రమట్టి చిటికెడులో నాయనను బతికించిన మందు చుట్టాలు కోట్ల కొద్దీ కాపురముంటున్నాయి.

తెచ్చిన మట్టిని నీళ్లలో పలచన చేసి పళ్లేల్లో పోశాం. వారానికి సుద్దపొడి చుక్కల్లాంటివి మొలిచాయి. మూత తీసి వాసన చూశాను. తొలకరి! అట్లా వాసన చూడకూడదని గురువుగారు చీవాట్లు పెట్టారు, పడ్డాను. ఒక పళ్లెంలో మాత్రం ఒక చుక్క చుట్టూ గిరి గీసినట్టు నేల ఖాళీగా ఉంది. అవతల వేరే బ్యాక్టీరియా దట్టంగా పెరిగి, ఆ గిరి దగ్గరికి వచ్చి ఆగిపోయింది. ఆ చుక్క ఏదో మందును చుట్టూ వదులుతోంది. ఒళ్లు జలదరించింది. అది కొత్త మందేమీ కాదని తర్వాత తేలింది. అయినా ఆ జలదరింపు దండగ కాలేదు.

ఇక ఆ మందు ఎట్లా చంపుతుందన్నది. ప్రతి కణంలోనూ రైబోజోములని చిన్న యంత్రాలుంటాయి. జన్యువు దగ్గర నుంచి ఒక పొడవాటి సందేశం వస్తుంది. ఆ యంత్రం దాన్ని మూడేసి అక్షరాల చొప్పున చదువుతూ, ఏ మూడింటికి ఏ ముక్క కలపాలో సరిచూసుకుంటూ ప్రోటీన్‌ను తయారు చేస్తుంది. గురువుగారు బోర్డు మీద బొమ్మ వేస్తుంటే నాకు మా మగ్గం మీద అంచు బొమ్మలు తీసే జకార్డు కనిపించింది. మగ్గం పైన చిల్లులు పొడిచిన అట్టల దండ వేలాడుతుంది. ఒక్కో అట్ట వచ్చి ఇనుప పుల్లలకు ఆనుతుంది. చిల్లున్న చోట పుల్ల దూరి ఆ పోగు లేస్తుంది, లేని చోట లేవదు. చీర అంచులో నెమలి వచ్చేది అట్లాగే. స్ట్రెప్టోమైసిన్ ఆ దండను తెంపదు, పోగులను ముట్టదు. సరిచూసే చోటుకి పోయి కూర్చుంటుంది. అక్కడ పట్టు సడలిపోయి, రాకూడని ముక్క వచ్చినా యంత్రం సరేలెమ్మని కలిపేస్తుంది. ఒకసారి మా జకార్డులో స్ప్రింగు సడలి, నాయన చూసుకునేసరికి జానెడు అంచు మీద నెమళ్లన్నీ మెడల్లేకుండా నడుస్తున్నాయి. బ్యాక్టీరియా లోపల జరిగేదీ ఇటువంటిదే. ఆ వంకర ప్రోటీన్లు పోయి కణం పొరలో చేరతాయి, పొర కారిపోతుంది, ఆ సందుల్లోంచి ఇంకా మందు లోపలికి వస్తుంది. పురుగు చావును పురుగు చేతే నేయిస్తుంది ఆ మందు. చూస్తే, చక్కెర లాంటి వలయాలు మూడే మూడు దండగా గుచ్చిన చిన్న వస్తువు. అంత చిన్నది ఇంత పని చేస్తుందంటే నేను ఇప్పటికీ నోరు తెరుచుకునే వింటాను.

దీని తోబుట్టువులు చాలా ఉన్నాయి. కనమైసిన్, నియోమైసిన్, జెంటామైసిన్. అన్నీ కలిపి అమైనోగ్లైకోసైడ్లని పిలుస్తారు. పరిశోధనశాలలో ఇవి మాకు జల్లెడలు. కోట్ల బ్యాక్టీరియాను మందు కలిపిన పళ్లెంలో పోస్తే, మర్నాటికి ఎక్కడో రెండో మూడో చుక్కలు మొలుస్తాయి. మందు కూర్చునే చోటు పుట్టుకతోనే కాస్త మారిపోయి, దానికి లొంగనివి అవి. మందు వాటిని తయారు చేయలేదు, అవి ముందే ఉన్నాయి. మిగతావి పోయాయి కాబట్టి బయటపడ్డాయి. అసలు ఈ మందును తయారు చేసే జీవి తన మందుకు తాను ఎందుకు చావదని అడిగాను. దాని దగ్గర విరుగుడు కూడా ఉంటుందట, తన ఇంట్లో ఉన్నంతసేపు మందుకు ఒక తాళం వేసి ఉంచుతుందట. అటువంటి విరుగుడు జన్యువులనే పట్టుకుని శాస్త్రవేత్తలు ఒక ఉపాయం చేశారు. ఏదైనా కొత్త జన్యువును కణంలోకి పంపేటప్పుడు కనమైసిన్ విరుగుడును దానికి జత చేసి పంపుతారు. తర్వాత కనమైసిన్ పోస్తారు. బతికిందంటే కొత్త జన్యువు అందినట్టే. మొక్కల్లోకి కూడా అట్లా జన్యువులు పంపారని అప్పుడప్పుడే చదువుతున్నాం.

ఒక పళ్లెం మాత్రం నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. అందులో ఉన్నది ఒక జన్యువు దెబ్బతిన్న బ్యాక్టీరియా. అట్టలో చిల్లు తప్పు పడింది, కాబట్టి తనకు కావలసిన ఒక పదార్థాన్ని చేసుకోలేదు, పెరగలేదు. దానికి కొంచెం, కొంచెమే స్ట్రెప్టోమైసిన్ ఇస్తే పెరిగింది. మందు వల్ల యంత్రం తప్పు చదువుతుంది కదా, ఆ తప్పుడు అట్టను కూడా తప్పు చదివి, అప్పుడప్పుడు సరైన ముక్కే కలిపేసింది. పళ్లేన్ని కిటికీ వెలుతురుకు పెట్టి ఎంతసేపు చూశానో తెలియదు. ఒకరికి విషమైనది ఇంకొకరికి ఊతమైంది, రెండు చోట్లా అది చేసింది ఒకటే పని. దేవుడంటే పెద్దగా పట్టని నేను ఆ రోజు ఎవరికి దండం పెట్టాలో తెలియక పళ్లేన్ని జాగ్రత్తగా కింద పెట్టాను.

నాయన ప్రశ్నకు జవాబు దొరికింది మాత్రం అమ్మకు జబ్బు వచ్చిన ఏడాదే.

ఆ రోజు ధర్మవరంలో బస్సు దిగి, ఇంట్లో సంచి కింద పెట్టకముందే అమ్మతో వాదన మొదలైంది, మర్నాడూ సాగింది. ముందు కోప్పడ్డాను, లాభం లేకపోయింది. తర్వాత పళ్లేల సంగతి చెప్పాను. నీ ఊపిరితిత్తుల్లో కోట్ల పురుగులున్నాయి, ఒక్కో మందుకు లొంగనివి వాటిలో ఎప్పుడూ కొన్ని ఉంటాయి, మందులు కొరవడితే అవి మిగిలి మళ్లీ ఊరంత అవుతాయి, అన్ని మందులకూ లొంగనిది దాదాపు ఉండదు, అందుకే కలిపి ఇస్తారు, అది నా కళ్లతో చూశాను అన్నాను. డాక్టరును కలిసి వచ్చానని, మోతాదు తగ్గించి ఇస్తాడని, వారం వారం నిలబెట్టి కళ్లు మూయించి చూస్తాడని, ఏ కాస్త తేడా వచ్చినా ఆపేస్తాడని చెప్పాను. అప్పటికి సాయంత్రమైంది. మగ్గం ఇంట్లో నాయన గుంటలో ఉన్నాడు, అమ్మ గోడకానుకుని దగ్గుతూ రాట్నం మీద పట్టు పోగును కండెలకు చుడుతోంది.

అమ్మ అంతా విన్నది. విని, రాట్నం ఆపింది. “నువ్వు చెప్పేది నిజమే అయ్యుండల్ల. పొద్దు గూకినాక మీ నాయనను నేను పట్టుకుంటాండా. రేపు నాకూ అట్లే అయితే నన్నెవురు పట్టుకోవల్ల? ఇద్దురమూ ఒగ గోడను పట్టుకోని నిలబడల్నా?”

భయంతో మొండికేసిందనుకున్నాను. ఆమె తన సంగతి ఆలోచించనే లేదు. సూది వద్దంటే తాను పోతుందని తెలుసు, కానీ పోయేదాకా అయినా నాయనను పట్టుకోవచ్చని లెక్క వేసుకుంది. అంత పిచ్చి లెక్కను, అంత ప్రేమను నేను అంతవరకు ఎక్కడా చూడలేదు. కోపమంతా ఎటు పోయిందో, నాకు ఏడుపు వచ్చింది.

నాయన నాడె పక్కన పెట్టాడు. అమ్మ వైపు చూడకుండా నన్ను ఆ పాత ప్రశ్నే అడిగాడు. మనిషెవరో, పురుగెవరో ఆ సూదికి తెలుసా?

ఈసారి చెప్పాను. మన యంత్రాలు పురుగు యంత్రాల కంటే పెద్దవి, మందు కూర్చునే చోటు వాటిలో కొంచెం వేరుగా ఉంటుంది, అందుకని అది మన దాంట్లో సరిగా కూర్చోదు, మనం బతికిపోతాం. అయితే మన ప్రతి కణంలోనూ మనకు బలం తయారు చేసిపెట్టే చిన్న గదులుంటాయి. ఎన్నో యుగాల కిందట అవి కూడా బ్యాక్టీరియాలే, బయటి నుంచి వచ్చి మన కణాల్లో కాపురం పెట్టి ఉండిపోయాయి. వాటికి సొంత యంత్రాలున్నాయి, అవి ఇప్పటికీ పురుగుల వాటినే పోలి ఉంటాయి. చెవి లోపల మన నిలకడను కనిపెట్టే, సన్నటి వెంట్రుకలున్న కణాల్లోకి ఈ మందు దూరి, అంత తొందరగా బయటికి పోదు. ఆ కణాలు ఎట్లా చస్తాయో పూర్తిగా తేలలేదు గానీ, అక్కడి గదులనూ పురుగులనూ మందు వేరుగా పోల్చుకోలేకపోవడం ఒక కారణం కావచ్చంటున్నారు. చచ్చిన కణాలు మళ్లీ మొలవవు. కాబట్టి దానికి చాలావరకు తెలుసు నాయనా, పూర్తిగా తెలియదు.

నాయన మెల్లగా నవ్వి, తనలో కూడా కొంత పురుగు ఉందన్నమాట, సూదిది మాత్రం తప్పేముందిలే అన్నాడు. అందులో ఎగతాళి లేదు. నేను కిటికీ దగ్గర పళ్లెం పట్టుకుని నిలబడినప్పుడు నా ముఖం ఎట్లా ఉండి ఉంటుందో, ఆయన ముఖం అప్పుడు అట్లా ఉంది.

అప్పుడు అమ్మ వైపు తిరిగాడు. “సూది ఏయించుకోమే. పడితే ఇద్దురం పడతాం. నువ్వే లేకపోతే నేను ఒగణ్ణే పడల్ల గదా.”

అమ్మ చుట్టిన కండెలను బుట్టలో సర్దింది. చీర సవరించుకుని లేచి, సూది వేసేవాళ్లు పొద్దున ఎన్నింటికి వస్తారని నన్ను అడిగింది.

సూదులన్నీ వేయించుకుంది. రోజూ పొద్దున డాక్టరు చేసినట్టే నాయన ఆమెను నిలబెట్టి, కళ్లు మూయించి, రెండు చేతులూ చాచి ఎదురుగా నిలబడేవాడు. ఆమె ఒరిగితే తాను పట్టుకోగలడా అని మేమెవరం అడగలేదు. అమ్మ ఒరగలేదు. చెవుల్లో కీచుమనే చప్పుడొకటి మిగిలింది, దాంతో పాటే ముసలిదైంది. మందు నాయనను పట్టినట్టు ఆమెను ఎందుకు పట్టలేదో, ఇంత చదివీ, నాకు సరిగా తెలియదు. అమ్మ బతికింది. పొద్దు గూకాక మగ్గం ఇంటికి వెళ్లి నాయన చేయి పట్టుకుని తీసుకొచ్చేది మళ్లీ ఆమే.